దూత ఆలస్యంగా ఎందుకొచ్చాడు

ఈ సభకు పెద్దదిక్కుగా కూర్చున్న అధ్యక్షురాలు గారికీ, వేదిక మీద నాకు అటూ ఇటూ ఉన్న పెద్దలకూ, తెర పక్కనుంచి తొంగిచూస్తున్న నా తోటి నటులకూ, లైట్ల గది అద్దంలోంచి చెయ్యి ఊపుతున్న మా ఎలక్ట్రీషియన్ బావకూ, ఇవాళ ఆట లేదని తెలియక వచ్చి, ఎలాగూ వచ్చాం కదా అని కూర్చుండిపోయిన ఆ వెనక వరుస ప్రేక్షకులకూ (నవ్వులు) అందరికీ నమస్కారం.

ముప్ఫై నాలుగేళ్ళు ఈ నాటకశాలలో పనిచేశాను. రాజు వేషం వెయ్యలేదు, మంత్రి వేషం వెయ్యలేదు. ఒకే ఒక్కసారి సేనాపతికి జ్వరమొస్తే ఆయన కత్తి నా నడుముకు కట్టారు. అది కాళ్ళకు అడ్డంపడి నేను వెళ్ళి సింహాసనం మీద బోర్లా పడ్డాను. ఆ రోజు రాజుగారు నన్ను స్టేజి మీదే తిట్టిన తిట్లు విని, ముందు వరుసవాళ్ళు అవి నాటకంలోవే అనుకుని చప్పట్లు కొట్టారు. (నవ్వులు) ఆ తరువాత నాకెవరూ కత్తి ఇవ్వలేదు.

నాది దూత వేషం. మనం ఆడే పాత విషాద నాటకాల్లో చావులు జనం ముందు జరగవు. కోట గోడ అవతలో, నది ఒడ్డునో జరుగుతాయి. నాలుగో అంకంలో ఒకడు పరిగెత్తుకుంటూ వచ్చి, ఎవరు పోయారో, ఎలా పోయారో చెప్పి, తల వంచుకుని వెళ్ళిపోతాడు. ఆ ఒకడిని నేను. అందుకే ఇక్కడ నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. పెద్దలకు ‘కబురు’ని, పిల్లలకు ‘కబురు మావయ్య’ని. మా పెళ్ళయిన కొత్తలో ఎవరో ఇంటికి ఫోన్ చేసి ‘కబురు ఉన్నాడా’ అని అడిగితే, మా ఆవిడ గాభరాపడి ‘ఏం కబురండీ, ఎవరికేమయింది’ అని అక్కడే కూలబడింది. (నవ్వులు) అదిగో, మూడో కుర్చీలో ఉంది, నవ్వడం లేదు. నవ్వకపోవడానికి వేరే కారణం ఉంది. చెబుతాను.

ఇందాక అధ్యక్షురాలు గారు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. ఇరవై రెండేళ్ళ కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటలో నేను చెప్పిన నాలుగో అంకం గురించి, తొమ్మిది నిమిషాలు హాల్లో ఒక్క కుర్చీ కిర్రుమనలేదని, ఆ రోజు చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారని, ఈ సన్మానపత్రంలో కూడా ఆ సంగతి రాయించారు. అది నిజమే. అంత బాగా నేను మళ్ళీ ఎప్పుడూ చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో, ఆ రోజు ఎందుకు చెప్పగలిగానో ఇవాళ మీ ముందు చెప్పి దిగిపోతాను. ఇది సన్మానసభకు తగిన మాట కాదని తెలుసు. క్షమించాలి, నాకు వేరే సభ దొరకదు.



ఆ నాటకం మీలో చాలామంది చూసినదే. చూడనివారి కోసం రెండు మాటలు. ఒక రాజుకు లేక లేక కొడుకు పుడతాడు. పిల్లవాణ్ణి నీళ్ళు తీసుకుపోతాయని జోస్యులు చెబుతారు. రాజు భయపడి రేవు మూయిస్తాడు, పడవలు తగలబెట్టిస్తాడు, పిల్లవాడికి ఎవరైనా ఈత నేర్పితే తల తీయిస్తానని చాటింపు వేయిస్తాడు. రెండో అంకంలో రాణి ఆయన కాళ్ళు పట్టుకుని, నీళ్ళు తప్పవని మీరే నమ్ముతున్నప్పుడు ఈతయినా నేర్పనివ్వండి అని ఏడుస్తుంది. రాజు వినడు. నాలుగో అంకంలో దూత వస్తాడు. వరదలో యువరాజు జారిపడ్డాడు, నాలుగు బారలు వేస్తే ఒడ్డు, ఆ నాలుగు బారలు వెయ్యడం అతనికి రాలేదు. అది విని రాజు రెండు చేతులూ పైకెత్తి ‘విధీ!’ అని అరుస్తాడు. తెర పడుతుంది.

మా దర్శకుడుగారు, ఇప్పుడు లేరు, ఆయన ఈ ‘విధీ’ అన్న కేకను మూడు వారాలు సాధన చేయించారు. క్యాంటీన్‌లో టీ తాగేటప్పుడు దాని మీదే గొడవ. ‘రాజు ఏం చేసినా ఆ పిల్లాడు పోవాల్సిందేరా. అదే విషాదమంటే. తప్పు ఒకళ్ళదని తేలిపోతే అది నాటకం అవదు, పోలీసు కేసు అవుతుంది’ అనేవారు. రాణి వేషం వేసే అక్క ఊరుకునేది కాదు. ‘పోతే పోయాడండీ, ఈత నేర్పుంటే నాలుగుసార్లు చేతులాడించి పోయేవాడు కదా. ఆ నాలుగుసార్లూ రాజుగారి చేతిలోవే కదా’ అనేది. అక్క అలా అంటే ఆయన టీ చల్లారిపోయిందని క్యాంటీన్ వాళ్ళ మీద ఎగిరేవారు. (నవ్వులు)

నా అనుమానం చిన్నది. ‘సార్, వరద పొద్దున వచ్చింది. దూత సాయంత్రానికి గాని కోటకు రాలేదు. మధ్యలో వీడేం చేస్తున్నాడు?’ అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ‘రాసినాయన అలా రాశాడు, నీకెందుకు? పరిగెత్తి వచ్చినవాడిలా ఆయాసపడు, చాలు’ అన్నారు. సరేనని ఆయాసపడడం నేర్చుకున్నాను. ఎంత బాగా నేర్చుకున్నానంటే, ఒకసారి ఆట అయ్యాక ఎవరో డాక్టరుగారు పనిగట్టుకుని లోపలికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని నాడి చూశారు.

అక్క అన్నాను. ఇక్కడ ఆమె వయసులో పెద్దవాళ్ళకు కూడా అక్కే. రిటైరై నాలుగేళ్ళయింది. ముందు వరుసలో కూర్చున్నారు. ఆమె పక్కన చేతికర్ర ఆనించుకుని కూర్చున్న పెద్దాయన అప్పటి మన మేనేజరుగారు. ఆయన ఈ గడప తొక్కి ఇరవై ఒక్కేళ్ళ పైమాట. అక్క ఆయనతో మాట్లాడదనీ, ఆయన ఉన్నచోట కూర్చోదనీ మీ అందరికీ తెలుసు. ఇవాళ వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చోవడం చూసి మీరంతా మొహమొహాలు చూసుకోవడం నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను.

అక్కకు ఒక్కతే చెల్లెలు. పుస్తకాలు బైండింగ్ చేసే ప్రెస్సులో పనిచేసేది, వేళ్ళకు ఎప్పుడూ జిగురు అంటుకుని ఉండేది. వాళ్ళమ్మగారు పోయిన నెలకు ఒకసారి ఆట చూడటానికి వచ్చి, ఆట అయ్యాక గ్రీన్‌రూములో మా అందరి ముందూ, ‘అమ్మ పోయినప్పుడు నీ కంట్లోంచి చుక్క రాలేదు. ఇక్కడ మాత్రం రోజూ కుండలు కుండలు కారుస్తున్నావు’ అంది. అక్క వెనక్కి తిరగలేదు. అద్దంలోంచే చూస్తూ ‘బయటికి పో’ అంది. అంతే. రెండేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు.

ఆ ఆదివారం ఆట మూడింటికి. మొదటి అంకం మూడూ యాభైకి అయింది. నాకు నాలుగో అంకం దాకా పని ఉండదు కదా, సామాన్ల గది పక్కన నడవాలో స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి. గోడకు ఫోన్ ఉండేది అక్కడ. సెల్‌ఫోన్లు అప్పటికింకా అందరి జేబుల్లోకి రాలేదు. ఫోన్ మోగితే నేనే తీశాను.

‘నాటకశాలేనా అండీ? ఆస్పత్రి నుంచి నర్సును మాట్లాడుతున్నాను. రాణి వేషం వేసే ఆవిడ ఉన్నారా?’

‘ఆటలో ఉన్నారండీ. ఏంటో చెప్పండి.’

‘వాళ్ళ చెల్లెలు నాలుగు రోజుల నుంచి మా దగ్గరున్నారు. ఇవాళ పరిస్థితి బాగా దిగజారింది. రాత్రి దాటడం కష్టమని డాక్టరుగారు అంటున్నారు. తెలివిలోనే ఉన్నారండీ, అక్కను పిలవమంటున్నారు. ఒక మాట చెప్పమన్నారు. అక్క ఏమీ మాట్లాడక్కర్లేదట, వచ్చి పక్కన కూర్చుంటే చాలట. అలాగే చెప్పండి, మర్చిపోకండి.’

‘చెబుతాను’ అన్నాను.

ఆస్పత్రి మన వెనక వీధి దాటి రెండో మలుపులో. నడిస్తే పావుగంట, పరిగెడితే ఇంకా తక్కువ. నేను ముందు మేనేజరుగారి గదికి వెళ్ళాను. ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి. ఇరవై రెండేళ్ళుగా మీరు చెప్పుకుంటున్నది వేరు, జరిగింది వేరు. మేనేజరుగారు కబురు తొక్కిపెట్టారని, ఆట ఆగిపోతుందని చివరిదాకా నాక్కూడా చెప్పలేదని మీరు విన్నారు. నేను చెప్పింది విని ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తరువాత అన్న మాటలు నాకు ఒక్కటీ మరుపు రాలేదు.

‘హాలు నిండిపోయింది. ఆవిడ బదులు వేసేవాళ్ళు లేరు. చెబితే ఆట ఆగిపోతుంది, ఆగితే ఆగనీ. కానీ చెప్పమని నేను అనలేను, వద్దనీ అనలేను, నాకు ధైర్యం చాలడం లేదు. ఫోన్ ఎత్తింది నువ్వు. నువ్వే ఆలోచించుకో. నువ్వు చెప్పిన క్షణంలో తెర దించేస్తాను, మళ్ళీ నన్ను అడగక్కర్లేదు.’

అది ఆయన అన్నది. ఆ తరువాతిదంతా నాది.

మూడో వరుస చివరి కుర్చీలో ఆ రోజు మా నాన్న ఉన్నాడు. మా నాన్న తాపీమేస్త్రి. నేను నాటకాల్లో చేరినప్పటి నుంచీ పన్నెండేళ్ళు నాతో మనసు విప్పి మాట్లాడలేదు. ‘పనికిమాలిన ఏడుపులు’ అనేవాడు. ఆ రోజు మా అమ్మ పోరు పడలేక ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోళ్ళ చుట్టూ సున్నం మరకలతో, చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. తెర సందులోంచి చూశాను. ఇప్పుడు ఆట ఆగిపోతే ఆయన లేచి వెళ్ళిపోతాడు, మళ్ళీ రాడు. నర్సు రాత్రి దాటదంది కదా, ఆట ఐదున్నరకల్లా అయిపోతుంది కదా, ఐదూ నలభై ఐదుకల్లా అక్క అక్కడ ఉంటుంది కదా అని లెక్క వేసుకున్నాను. చూశారా, నేను చెడు చేద్దామనుకుని ఏమీ చెయ్యలేదు. అన్నీ సరిపోతాయి అనుకునే చేశాను. ఆ నాటకంలో రాజు కూడా అంతే, కొడుకును చంపుదామని రేవు మూయించలేదు.

మొదటి విరామంలో అక్క నీళ్ళ కోసం నడవాలోకి వచ్చింది. కుండలోంచి గ్లాసు ముంచి నా చేత్తో నేనే ఇచ్చాను. తాగి, గ్లాసు నా చేతికే ఇచ్చి వెళ్ళింది. ఒకటి. రెండో అంకం అయ్యాక కాలిపట్టీ ఊడితే గుమ్మం దగ్గర కూర్చుని పెట్టుకుంది, నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. రెండు. ఇక మూడోది. మూడో అంకంలో ఆమె ప్రవేశానికి రెండు నిమిషాలు ఉండగా పక్కన నిలబడి, నా మొహం చూసి, తనే అడిగింది.

‘ఏంట్రా కబురూ, అదోలా ఉన్నావు?’

ఇంతకంటే ఎవరైనా ఏం అడుగుతారు? నోరు తెరిచాను. నా నోట్లోంచి వచ్చిన మాట, ‘మా నాన్న వచ్చాడక్కా.’

అక్క మొహం ఇంత అయింది. ‘నిజంగానా? ఏ వరుస? అయ్యో, ముందే చెప్పొద్దూ!’ అంటూ నా అంగీ ముడి వదులుగా ఉంటే విప్పి మళ్ళీ తనే కట్టింది. ‘ఇవాళ బాగా చెప్పాలి మరి. ఊపిరి అంతా మొదట్లోనే ఖర్చు పెట్టేయకు’ అంది. ముడి బిగించి, భుజం తట్టి, స్టేజి మీదికి వెళ్ళిపోయింది.

(ఎవరో మంచినీళ్ళ గ్లాసు తెచ్చి అందించబోయారు)

మంచినీళ్ళు వద్దమ్మా, చెప్పేస్తాను.

ఐదూ పదికి నేను స్టేజి ఎక్కాను. యువరాజు ఎలా జారాడో, ఒడ్డు ఎంత దగ్గరో, ఆఖరికి అతను ఎటు చూశాడో చెప్పాను. అక్క నా ఎదురుగా, రాణి వేషంలో, కళ్ళార్పకుండా వింటోంది. నా మాటలు వణికాయి, ఆ వణుకు నేను తెచ్చిపెట్టుకున్నది కాదు. నిజంగానే నా దగ్గరొక కబురు ఉంది, నిజంగానే ఆమెకు చెప్పవలసిందే, దాన్ని లోపల తొక్కిపట్టి దాని మీద నిలబడి ఇంకో చావు గురించి చెబుతున్నాను. అందుకే హాలు కదలలేదు. అధ్యక్షురాలు గారూ, తమరు మెచ్చుకున్నది దాన్ని. ఆ చెల్లెలు పోయింది ఐదుంపావుకి. నేను స్టేజి మీద ఉన్న తొమ్మిది నిమిషాల్లోనే.

తెర పడింది. చప్పట్లు. మా నాన్న నిలబడి కొట్టడం చూశాను. అప్పుడు ఇంకొక పని చేశాను, దాని ముందు పైవన్నీ చిన్నవి. గ్రీన్‌రూము తలుపు నా దగ్గర నుంచి నాలుగడుగులు. ఆ నాలుగడుగులూ పరిగెత్తాను. తలుపు పట్టుకుని ఆయాసపడ్డాను.

‘అక్కా, ఇప్పుడే ఆస్పత్రి నుంచి ఫోన్. చెల్లికి బాగాలేదట, రమ్మంటున్నారు.’

ఇప్పుడే అన్నాను. చెల్లెలు పంపిన మాట మాత్రం చెప్పలేదు. అది చెబితే ఫోన్ ఎప్పుడొచ్చిందని అడుగుతుందేమోనని భయం. అక్క అట్టకిరీటం తీసి నా చేతిలో పడేసి, ఆ చీరతో, ఆ రంగుతో రోడ్డు మీద పరిగెత్తింది. వెనక నేను, కిరీటం పట్టుకుని. వెళ్ళేసరికి మంచం మీద దుప్పటి మొహం దాకా కప్పేశారు. ఫోన్ చేసిన నర్సు డ్యూటీ దిగి వెళ్ళిపోయింది, ఉన్నవాళ్ళకు ఏమీ తెలియదు. అక్క దుప్పటి తీసి చూసి, ఆ జిగురు వేళ్ళు పట్టుకుని, నా వైపు తిరిగి, ‘ఒక్క గంట ముందు తెలిసుంటే’ అంది.

నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి, ‘విధి అక్కా’ అన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. మనం ఆడిన నాటకాలన్నీ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. విధి అన్న మాట ఎవరు అంటారు? నీళ్ళలో పోయినవాడు అనడు. ఈత నేర్పమని కాళ్ళు పట్టుకున్న రాణి అనదు. రేవు మూయించినవాడు అంటాడు. నేను ముప్ఫై నాలుగేళ్ళు రోజూ వింటూ కూడా ఆ సంగతి పట్టించుకోలేదు. దర్శకుడుగారు బతికి ఉంటే ఇవాళ ఆయనతో అనేవాణ్ణి, సార్, మీరూ సగం నిజమే చెప్పారని. ఆ రోగం నా చేతిలో లేదు. ఆ పిల్ల ఆ రోజు పోవడం ఎవరూ ఆపలేరు. దాన్ని విధి అనండి, ఒప్పుకుంటాను. కానీ ఆమె చూస్తున్న తలుపు తెరుచుకోవడం, తెరుచుకోకపోవడం నా చేతిలో ఉంది. గంటా ఇరవై అయిదు నిమిషాలు నా చేతిలోనే ఉంది.

మూడో రోజు అక్క చెల్లెలి చెప్పులూ కళ్ళజోడూ తెచ్చుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళింది. ఆ నర్సు కనిపించి, ‘నాలుగింటికి ముందే ఫోన్ చేశాను కదండీ, ఎందుకు రాలేదు? ఐదు దాకా తలుపు వైపే చూశారు’ అంది. అక్క అటునుంచి అటే ఆఫీసులోకి వచ్చింది. మేము ఆరేడుగురం ఉన్నాం.

‘ఫోన్ ఎప్పుడొచ్చింది?’ అని మేనేజరుగారిని అడిగింది.

మేనేజరుగారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. ఆయన ఎంతసేపు ఆగారో చెప్పలేను. నాకు చాలినంత వ్యవధి ఇచ్చారు, అది మాత్రం చెప్పగలను.

‘మొదటి అంకం అయ్యాకమ్మా’ అన్నారు.

‘నాకెందుకు చెప్పలేదు?’

‘ఆట ఆపలేకపోయానమ్మా.’

అక్క ఆయన్ను తిట్టలేదు. ఆయన బల్ల మీద చెల్లెలి కళ్ళజోడు పెట్టి, ‘ఇది ఇక్కడే ఉంచుకోండి. రోజూ చూడండి’ అని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆయనతో మాట లేదు. మీరంతా అక్క పక్షం వహించారు, నేనూ వహించాను. క్యాంటీన్‌లో ఆయన వచ్చి కూర్చుంటే బల్ల ఖాళీ అయ్యేది, లేచినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆరు నెలలకు రాజీనామా ఇచ్చారు. ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి, ‘ఎందుకు మీ నెత్తిన వేసుకున్నారు సార్?’ అని అడిగాను. ‘నీకు వదిలేశాను కదరా, అలా వదిలేయడం కూడా నేను చేసిన పనే. నాది నేను మోస్తున్నాను. నీది నువ్వు ఎప్పుడు మోస్తావో నీ ఇష్టం’ అన్నారు. మళ్ళీ నేను వాళ్ళింటికి వెళ్ళలేదు.

ఆ తరువాత అక్కా నేనూ పద్దెనిమిదేళ్ళు ఒకే స్టేజి మీద ఆడాం. మా అమ్మాయికి పేరు పెట్టింది అక్క. మా నాన్న పోయినప్పుడు అందరికంటే ముందు వచ్చి మా అమ్మ పక్కన కూర్చుంది అక్క. నాకొచ్చిన మెప్పు, నాకొచ్చిన పేరు అన్నీ ఆ ఆదివారం నుంచి మొదలైనవే. మా నాన్న ఆ సాయంత్రం నాతో ‘బాగా చెప్పావురా’ అన్నాడు. దాని కోసమే చేశాను. అది నాకు దక్కింది. దాన్నొక్కసారి కూడా సంతోషంగా తలుచుకోలేకపోయాను.

కిందటి నెల ఈ సభకు పిలవాల్సినవాళ్ళ జాబితా రాస్తుంటే, పాత మేనేజరుగారిని కూడా పిలుద్దామని కుర్రవాళ్ళు అన్నారు. అక్క ఫోన్‌లో ‘ఆయన వస్తే నేను రాను. నీ సభ, నీ ఇష్టం’ అంది. ఫోన్ పెట్టి మా ఆవిడతో మొదటిసారి మొత్తం చెప్పాను. ఆమె ‘ఇన్నేళ్ళు నా చేతి అన్నం తిని నాకు కూడా చెప్పలేదు’ అంది. తరువాత, ‘ఇప్పుడు చెప్పడం దేనికి, అందరూ మర్చిపోయారు కదా’ అంది. ఇంకాసేపటికి తనే, ‘వెళ్ళు. అక్క మర్చిపోలేదు’ అంది.

వెళ్ళాను. అక్క ఇస్త్రీ చేసుకుంటోంది. నన్ను చూసి కుర్చీ లాగబోయింది. నేను కూర్చోలేదు, నిలబడే చెప్పాను. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, స్విచ్ ఆపి, మొత్తం వింది.

‘నాకు నీళ్ళిచ్చావు’ అంది.

‘అవునక్కా.’

‘అప్పటికి తెలుసా?’

‘తెలుసు.’

‘అంగీ ముడి కట్టినప్పుడు?’

‘తెలుసక్కా.’

ఆమె అడిగింది ఆ రెండే. అప్పుడు చెల్లెలు పంపిన మాట చెప్పాను. నర్సు చెప్పినది చెప్పినట్టే, ఒక్క అక్షరం మార్చకుండా. అక్క ‘మళ్ళీ చెప్పు’ అంది. మళ్ళీ చెప్పాను. మూడోసారి చెప్పమంది. మూడోసారి చెబుతుండగా ఇస్త్రీ బల్ల రెండు చేతులా పట్టుకుని, అలాగే నేల మీద కూర్చుండిపోయింది. అక్క స్టేజి మీద ఏడవడం కొన్ని వేలసార్లు చూశాను. ఇది దానికి ఏ మాత్రం పోలిక లేదు. శబ్దం లేదు.

క్షమించమని అడగబోయాను. చెయ్యెత్తి ఆపేసింది. ‘అది మాత్రం అడక్కు. అడిగితే నేను జవాబు చెప్పాలి. నాకు ఇంకా ఆ పని కూడా పెట్టకు’ అంది. కాసేపటికి, ‘ఆయన్ను ఇరవై రెండేళ్ళు వెలివేశాను. నాతో పాటు అందరూ వెలివేశారు. అందరి ముందూ పోయిన మర్యాద ఆయనకు అందరి ముందే రావాలి. నీ సభలో చెప్పు. నేను వచ్చి వింటాను’ అంది. మర్నాడు మేనేజరుగారింటికి వెళ్ళిందట. వాళ్ళమ్మాయి చెప్పింది, గంటసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడుకోకుండా కూర్చున్నారని.

మేనేజరుగారూ, ఇంతమంది ముందూ చెబుతున్నాను. మీరు కబురు తొక్కిపెట్టలేదు. తొక్కిపెట్టింది నేను. మీ పేరు చెడితే చూస్తూ ఊరుకున్నదీ నేనే.

(ముందు వరుస నుంచి మేనేజరుగారు చెయ్యెత్తి, ‘సగం నాదిరా, అది తీసేయకు’ అన్నారు.)

తీసెయ్యను సార్. మీ సగం మీకే ఉంచుతాను. నా సగం మీ మీదనుంచి దించుతున్నాను.

అధ్యక్షురాలు గారికి ఒక విన్నపం. ఈ సన్మానపత్రంలో ఆ ఆదివారం గురించిన వాక్యం కొట్టేయించండి. అది కొట్టేశాక ఇవ్వదగినది ఏమైనా మిగిలితే ఇవ్వండి, మిగలకపోతే నొచ్చుకోను. సభ తరువాత నా చేత ఆ నాలుగో అంకం చెప్పిస్తామని కార్యక్రమంలో వేశారు. అది చెప్పను. ఈ వేషానికి కుర్రవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు మాత్రం ఒక మాట. మీరు స్టేజి మీద విధి గురించి ఎంత గట్టిగానైనా అరవండి, అది మన పని. నడవాలో ఫోన్ మోగితే మటుకు తీసి, విని, ఎవరిది వాళ్ళకు వెంటనే అందించండి. హాలు ఎంత నిండి ఉన్నా, మూడో వరుసలో ఎవరున్నా.

(ముందు వరుసలో అక్క లేచి నిలబడ్డారు. మేనేజరుగారి చెయ్యి పట్టుకుని లేపుతున్నారు.)

లేదు, ఎవరూ ఆపొద్దు. ఉండమని బతిమాలొద్దు. ఆమె నాకు వింటానని మాట ఇచ్చింది, ఉంటానని ఇవ్వలేదు. వినేసింది. కొంచెం దారి వదలండి... ఆ కుర్చీ జరపండమ్మా. మేనేజరుగారికి మెట్లు సరిగ్గా కంటికి ఆనవు, బావా, అటువైపు లైటు వెయ్యి. ఆ, వేశావా, చాలు. మెల్లగా సార్. ఇంకొక్క మెట్టు ఉంది.

(తలుపు మూసుకునే దాకా ఆగి)

ఇంత చేదు మాట ఓపికగా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞుణ్ణి. నాకు అన్నం పెట్టిన ఈ నాటకశాలకు, ఇక్కడ నాతో పనిచేసిన ప్రతి ఒక్కరికీ దణ్ణం. ఇక నేను చెప్పవలసిన కబురు ఏదీ నా దగ్గర మిగల్లేదు. సెలవు.